పెరట్లో ఆరు కోళ్ళు

పొద్దస్తమానం కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాడికి కోళ్ళ గురించి మాట్లాడే అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. ఆరు కోళ్ళు పెంచి మూడింటిని పోగొట్టుకున్నాను. అదే నా అర్హత.

మేముండేది నార్త్ కరోలినాలో. 2022 వసంతంలో మా అమ్మాయి ముచ్చటపడిందని ఆరు పిల్లల్ని తెచ్చాం. మా ఊళ్ళో పెట్టలకే అనుమతి, పుంజు కూడదు. తల్లికోడి రెక్కల కింద దొరికే వెచ్చదనాన్ని ఇక్కడ మనమే దీపం పెట్టి ఇవ్వాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. అంతవరకూ బాగానే జరిగింది.

మొదటిది జబ్బుతో పోయింది. నాలుగో నెలలో ఒక కాలు ముందుకీ ఇంకో కాలు వెనక్కీ చాచి కూలబడింది. డాక్టరుగారు మేరెక్స్ వ్యాధి అయివుంటుందన్నారు. హెర్పిస్ జాతి వైరస్ వల్ల వస్తుంది, వస్తే మందు లేదు. టీకా ఉంది కానీ, మామూలుగా అది పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే వేస్తారు. కొనేటప్పుడు "టీకా వేశారా?" అని నేను అడగలేదు. మీరు అడగండి.

రెండోదాన్ని పట్టపగలే గద్ద చంపింది. ఇక్కడ గద్దల్ని కొట్టకూడదు, 1918 నాటి వలసపక్షుల చట్టం వాటికి రక్షణ. పైన వల కట్టుకోవడమే మన చేతిలో పని.

మూడోది పూర్తిగా నా తప్పు. ఆ రాత్రి క్లయింటుతో కాల్‌లో ఉండిపోయి గూడు తలుపు వెయ్యడం మర్చిపోయాను. తెల్లారి చూస్తే పెరడంతా ఈకలు. రకూన్ పని. పోయింది మా అమ్మాయి 'బంగారి' అని పిలుచుకునే కోడి. పిల్ల ఏడవలేదు. "నిన్న తలుపు ఎవరు వెయ్యాలి నాన్నా?" అని మాత్రం అడిగింది. రకూన్ మీదకి నెట్టేద్దామనిపించింది. "నేనే అమ్మా, వెయ్యలేదు" అన్నాను.

ఫోన్లో చెబితే మా అమ్మ, "గంప కింద మూసి పైన రాయి పెట్టేవాళ్ళం, బావురుపిల్లి భయానికి. సాయంత్రం ఆ పని అయ్యాకే నాకు అన్నం" అంది.

ఇక్కడి గంపకీ కొన్ని సూత్రాలున్నాయి. చికెన్ వైర్ కోళ్ళని లోపల ఉంచుతుందే గాని, రకూన్‌ని బయట ఉంచదు. అర అంగుళం కన్నుల హార్డ్‌వేర్ క్లాత్ వాడండి. తవ్వుకుని రాకుండా దాన్ని ఒక అడుగు లోతు భూమిలోకి దించండి. మామూలు గడియని రకూన్ వేళ్ళతో తీసేస్తుంది, కొక్కెం కూడా తగిలించండి.

ఇంకొక భయం బర్డ్ ఫ్లూ. 2022 ఫిబ్రవరిలో ఇండియానాలోని ఒక టర్కీ ఫారంలో బయటపడి, తర్వాత పెరటి కోళ్ళకీ సోకింది. అడవి బాతుల రెట్టల ద్వారా వస్తుంది కాబట్టి మేత, నీళ్ళు ఆరుబయట పెట్టకండి. ఉన్నట్టుండి రెండు మూడు కోళ్ళు చనిపోతే ఉత్త చేతులతో ముట్టుకోకుండా మీ రాష్ట్ర పశువైద్య శాఖకి చెప్పండి. జబ్బు లేని కోడి దగ్గరా సాల్మొనెల్లా ఉండవచ్చు. పిల్లలు కోళ్ళని ముద్దు పెట్టుకోకూడదు, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

ఇప్పుడు మాకు మూడు కోళ్ళున్నాయి. చీకటి పడేవేళకి నా ఫోన్లో అలారం మోగుతుంది, కాల్ ఉన్నా లేచి వెళ్తాను. మా అమ్మాయి టార్చి పట్టుకుని తెలుగులో లెక్కపెడుతుంది, "ఒకటి, రెండు, మూడు" అని. అప్పుడు తలుపు వేస్తాను.

సెలవు.