కదలని కారుకే బ్రేకుల బెంగ!

సంక్రాంతి వస్తోందంటే కోనసీమ ఇళ్లకు కొత్త కళ. హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ పిల్లలు దిగుతారు. వాళ్లతోపాటే కొబ్బరిచెట్ల నీడన ఏడాదిగా నిద్రపోతున్న తాతగారి అంబాసిడరూ మేలుకుంటుంది. బ్యాటరీ మారుస్తారు, టైర్లలో గాలి కొట్టిస్తారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందులోనే వెళ్లాలని ముచ్చట. ఇంజిను స్టార్టయితే చాలు, కారు బాగున్నట్టే అనుకుంటాం. కానీ కదలడం కన్నా ఆగడం ముఖ్యం!

కాట్రేనికోన లాంటి ఊళ్లలో అయితే మరీను. ఇటు గోదావరి పాయలు, అటు బంగాళాఖాతం. గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. ఇనుప గేటుకే రంగు నిలవని చోట బ్రేకుల సంగతి చెప్పేదేముంది? పైగా ఇక్కడ చాలా రోడ్లు కాలువ గట్ల వెంటే సాగుతాయి. బ్రేకు పడకపోతే పక్కన ఉండేది కాలువే.

నీళ్లు తాగే ఆయిల్

అంబాసిడర్ పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునే హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌గా తెచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైంది. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడల్ నొక్కగానే మాస్టర్ సిలిండరులోని బ్రేక్ ఆయిల్ గొట్టాల గుండా వెళ్లి చక్రాల దగ్గరి సిలిండర్లలో పిస్టన్లను తోస్తుంది. అవి బ్రేక్ షూలను డ్రమ్ముకు ఆనిస్తాయి. అన్ని చక్రాలకూ ఆయిల్ దారి ఒకటే అయిన బండిలో ఎక్కడ కారినా మొత్తం బ్రేకులే పోవచ్చు!

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకోవాలి. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. అప్పుడు వేడికి ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఆ తేమే సిలిండరు లోపల తుప్పు పట్టిస్తుంది, తుప్పు గరుకు రబ్బరు వాషర్లను కోస్తుంది. తిరిగే కారుకు షూలు అరుగుతాయి. నిలబెట్టిన కారుకు బ్రేకులు లోపల్నుంచి పాడవుతాయి.

ఏం మార్పించాలి?

ముందుగా ఓ చిన్న పరీక్ష. బండి ఆపి ఉంచి పెడల్‌ను గట్టిగా ఓ నిమిషంపాటు తొక్కి పట్టండి. నెమ్మదిగా కిందికి జారుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతున్నట్టే, లేదా మాస్టర్ సిలిండరు వాషర్లు అరిగినట్టే. బండి బయటికి తీయొద్దు.

మెకానిక్ డ్రమ్ములు విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. సిలిండరు లోపల గుంటలు పడితే రబ్బరు కిట్టు ఒక్కటే మార్చి లాభం లేదు. సిలిండరే మార్చాలి, లేదంటే లేత్ షాపులో స్లీవు వేయించాలి. ఆయిల్ పీల్చిన లైనింగును కడిగి వాడకూడదు. షూలు ఎడమా కుడీ జతగానే మార్చాలి. లేకపోతే బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగేస్తుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని కాబట్టి గాలి కొట్టి దులపకుండా తడిపి తుడవమనండి. పగుళ్లు వచ్చిన రబ్బరు గొట్టాలూ మార్పించండి. చివరగా పాత ఆయిల్ తీసి కొత్తది పోసి, బుడగలు రావడం ఆగేదాకా ఎయిర్ తీయాలి. బయటికొచ్చిన ఆయిల్‌ను మళ్లీ పోయకూడదు.

ఆ తర్వాత కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాల్సిందే. వానాకాలమంతా నిలిపి ఉంచేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేయకండి, షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి. గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెడితే చాలు.

యాభై ఏళ్లు దాటిన కార్లకు 'వింటేజ్' గుర్తింపు ఇస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అంటే 1970ల తొలినాళ్ల అంబాసిడర్లూ ఇప్పుడు ఆ వరసలోకి వచ్చాయి. వాటిని రోజువారీ పనులకు వాడకూడదు. ముచ్చటకు ఎప్పుడో ఒకసారి తీసే బండే కావచ్చు... కాలువ గట్టు మలుపులో ఆగాల్సింది మాత్రం ఆ ఒక్కసారే!