‘రహస్యం’ పోయింది, పాటలు పోలేదు

‘లవకుశ’ తీసిన లలితా శివజ్యోతి సంస్థ వాళ్ళే 1967లో ‘రహస్యం’ తీశారు. రంగుల్లో, భారీ ఖర్చుతో, అక్కినేనిని పెట్టి. బోల్తా కొట్టింది.

అపోహ: పాటలూ పద్యాలూ ఎక్కువైపోయి మునిగింది.

ఆ లెక్కన 1963లో ‘లవకుశ’ మొదటి వారమే డబ్బాల్లోకి వెళ్ళాలి. అందులో పాటలూ పద్యాలూ కలిపి ముప్పై దాటాయి. రెండింటికీ సంగీతం ఘంటసాలదే. నన్నడిగితే తప్పు కథది. లవకుశుల కథ జనానికి పుట్టుకతో తెలుసు. ‘రహస్యం’ కథ వెంట పరుగెత్తాలి.

అపోహ: అందులోని ‘గిరిజా కల్యాణం’ కూచిపూడి భాగవతుల పాత యక్షగానం, సినిమావాళ్ళు ఎత్తుకొచ్చారు.

జరిగింది తలకిందులు. సినిమా కోసమే దాన్ని బందరు మల్లాది రామకృష్ణశాస్త్రి రాశారు. తెరమీద చూసుకోలేదు పాపం, 1965లోనే పోయారు. పాతదని పొరబడడంలో వింత లేదు. మొదట అమ్మవారికి పరాకు చెప్పడం, పాత్రల ప్రవేశం, అంతా భాగవతుల ఫక్కీయే. మన్మథుడు మీసం దువ్వుకుంటూ వచ్చినప్పుడు ఒక రాగం, శివుడి కంటికి బూడిదయ్యాక ఇంకొకటి. ఘంటసాల రాగం మార్చిన చోటల్లా కథ ఒక మెట్టెక్కుతుంది. కళ్ళు మూసుకుని విన్నా ఎవరు ఎటునుంచి వస్తున్నారో తెలుస్తుంది. ఆ తర్వాత కూచిపూడి నర్తకులే దీన్ని సినిమా నుంచి వేదికకి తెచ్చుకున్నారు.

అపోహ: ఇదంతా మద్రాసు సరుకు.

స్టూడియో మద్రాసుది. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి, అక్కినేనిది గుడివాడ దగ్గర రామాపురం, ఘంటసాలది చౌటపల్లి, అన్నీ మన కృష్ణా జిల్లా ఊళ్ళే. చిన్నప్పుడు తండ్రి తరంగాలు పాడుతుంటే చిందులేసిన ఘంటసాలకి యక్షగానం ఒకరు నేర్పాలా?

అపోహ: ఘంటసాల చెయ్యి పడితే అపజయమే లేదు.

ఇది అభిమానుల మాట. ఆయన సొంతంగా తీసిన ‘పరోపకారం’ (1953), ‘సొంతవూరు’ (1956), ‘భక్త రఘునాథ్’ (1960) మూడూ చేతులు కాల్చినవే. ‘సొంతవూరు’లో నిమ్మకూరు ఎన్.టి. రామారావు ఉన్నా గట్టెక్కలేదు. ‘రహస్యం’ పాటలకి దక్కిన రెండో బతుకు వీటికి దక్కలేదు. మన ఊళ్ళ కచేరీల్లో వీటిని అడిగి పాడించుకునేవాళ్ళు అరుదు.