ఎత్తునది జాకీ, మోయునది దిమ్మ

అనంతపురము సీమలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్రనేలలో పదును ఎక్కువ దినములు నిలువదు. వేరుసెనగ విత్తు వేళ ట్రాక్టరు చెడినచో, పట్టణమునుండి మెకానిక్కు వచ్చువరకు వేచియుండ మనసొప్పదు. వాకిట జాకీ పెట్టి, బండి క్రింద మనమే దూరుచున్నాము. ఈ తొందరయే ప్రాణాపాయమునకు మూలము.

ముందుగా జాకీ స్వభావము నెరుగవలయును. హైడ్రాలిక్ జాకీలో మనము చేతితో కలిగించు ఒత్తిడి నూనెద్వారా వ్యాపించి బరువును లేపును. 17వ శతాబ్దమున పాస్కలను ఫ్రెంచి పండితుడు తెలిపిన సూత్రమే యిది. లోపలి సీలు అరిగినను, మర వదులైనను నూనె వెనుకకు జారును, బండి దిగును. మర త్రిప్పి లేపు జాకీకి ఈ దోషము లేకున్నను, ప్రక్కకు ఒరుగు దోషము గలదు. కావున జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు.

బండిని చదునైన గట్టినేలపై నిలుపవలయును. దున్నిన చేను, తడిసిన వాకిలి పనికిరావు. ఇంజనాపి, తాళపుచెవిని జేబులో నుంచుకొనవలయును. వెనుక చక్రము నెత్తునపుడు బ్రేకునే నమ్మరాదు. నేలనున్న చక్రములకు ముందువెనుకల అడ్డుదిమ్మలు పెట్టవలయును. ట్రాక్టరు ముందు ఇరుసు నడిమి కీలుపై ఊగును గనుక, ఇరువైపుల చెక్కముక్కలు బిగింపవలయును. చక్రపు నట్లను ఎత్తకముందే వదులు చేయవలయును. జాకీ క్రింద వెడల్పైన మందపు పలక వేయవలయును.

ఎత్తినవెంటనే ఇరుసు క్రింద ఇనుప స్టాండ్లనుగాని, ఒకదానిపై నొకటి అడ్డముగా పేర్చిన గట్టి కలపదిమ్మలనుగాని యుంచి, బరువును వానిపైకి దింపవలయును. బండిని నెట్టిచూచి, కదలకున్న పిదపనే క్రిందికి పోవలయును. మన సీమలో నాపరాళ్లకు కొదువలేదు. అయినను రాతిని, ఇటుకను ఆధారముగా వాడరాదు. అంచున బరువు పడినచో హఠాత్తుగా పగులును. పైకెత్తిన ట్రాలీతొట్టి క్రింద ఆధారము లేక తలదూర్చుట మరింత ప్రమాదము.

ఒంటరిగా నెన్నడును పనిచేయరాదు. ఎవరైన చిక్కుకొన్నచో వెంటనే 108కి ఫోను చేయించి, వేరొక జాకీతో బండినెత్తి, దిమ్మలు నిలిపిన తరువాతనే మనిషిని వెలికి తీయవలయును.

ఊరికి నలుగురు సభ్యులు కలిసి స్టాండ్లను ఉమ్మడిగా కొనియుంచుకొనుడని మేము మనవి చేయుచున్నాము. తప్పిన పదునుకు మరియొక వాన కలదు. ఇంటి యజమానికి మారు లేదు.