అమ్మ చేతుల నొప్పి మనకూ వస్తే

ఉదయం రొట్టెల పిండి పిసకబోతే వేళ్లు ముడుచుకోవు. వేళ్ల చివరి కణుపుల మీద గట్టి బొడిపెలు. ‘మా అమ్మకూ, నానీకీ ఇంతే’ అనుకుని ఎందరో గృహిణులు మౌనంగా భరిస్తుంటారు.

కీళ్ల అరుగుదల వల్ల కలిగే ఈ వాతం తల్లి నుంచి కూతురికి సంక్రమించే అవకాశం ఉన్న మాట నిజమే. ముట్లుడిగే వయసులో ఇది ఎక్కువగా బయటపడుతుంది. అయితే వారసత్వంగా వచ్చేది ఆ అవకాశమే గాని, మౌనంగా భరించవలసిన విధి కాదు.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. అరుగుదల వల్ల కలిగే ఉదయపు బిగువు సాధారణంగా అరగంటలో సడలుతుంది. రెండు చేతుల్లోనూ పిడికిలి కణుపులు, మణికట్లు వాచి, బిగువు గంటకు పైగా ఉంటే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. సకాలంలో మందులు వాడకపోతే అది వేళ్లను వంకర చేస్తుంది. ఇదీ కొన్ని కుటుంబాల్లో కనిపించేదే. కనుక ‘అమ్మకున్నదే’ అని సరిపెట్టుకోక వైద్యునికి చూపించాలి.

చలికాలంలో వుజూకు గోరువెచ్చని నీరు వాడితే బిగువు సడలుతుంది. గిన్నెలను వేళ్లతో కాక రెండు అరచేతులతో ఎత్తాలి. కత్తి, గరిటె పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు సులువవుతుంది. వేళ్లను నెమ్మదిగా ముడిచి చాచే వ్యాయామం రోజూ చేయాలి.

తడిబట్టలు పిండటం, బిగిసిన మూతలు తిప్పటం వంటి పనులను భర్త, పిల్లలు అందుకోవాలి. అమ్మ దాచుకున్న నొప్పిని కూతురూ దాచుకోవాలన్న నియమమేదీ లేదు.