సెలవులకు ఊరెళ్తున్నారా... మరి పిల్లి సంగతేంటి?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే జిద్దా, రియాద్, దమ్మాంలలోని తెలుగు ఇళ్లలో హాలు నిండా సూట్‌కేసులే. ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాలు, టికెట్లు, తూకం చూసుకుని సర్దే ఖర్జూరాల డబ్బాలు. ఈ హడావుడిలో అందరూ చివరిదాకా వాయిదా వేసే ప్రశ్న ఒకటుంది. పిల్లిని ఎవరికి అప్పగించాలి? అది ఆడపిల్లి అయి, ఐదారు నెలలు దాటి, ఇంకా ఆపరేషన్ కాకపోతే ఆ ప్రశ్న ఒక్క పిల్లితో ఆగదు.

జిద్దా అజీజియాలో నాకు తెలిసిన ఓ గుంటూరు కుటుంబానికి రెండేళ్ల కిందట ఇదే జరిగింది. పిల్లల పోరు పడలేక మెట్ల కింద దొరికిన కూనను ఇంట్లోకి తెచ్చుకున్నారు. సెలవులకు వెళ్తూ బిల్డింగ్ హారిస్ చేతిలో మేతకు డబ్బులు పెట్టి వెళ్లారు. తిరిగొచ్చేసరికి పిల్లి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో నాలుగు కూనలతో ఉంది. ఆగస్టు ఎండ. బతికినవి రెండే. ఆ ఇంటి చిన్నమ్మాయి వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

పిల్లి కడుపుతో ఉండే కాలం సుమారు 63 నుంచి 65 రోజులు. మన పిల్లల వేసవి సెలవులూ ఇంచుమించు అంతే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. జత కలవకపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ మళ్లీ వస్తుంది. పాలిచ్చే తల్లి కూడా మళ్లీ కడుపుతో కావచ్చు. పైగా పిల్లులు ఎదకు రావడం వెలుతురుతో ముడిపడి ఉంటుంది. మన ఫ్లాట్లలో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు కాబట్టి ఇంటి పిల్లికి కాలంతో పని లేకుండా పోతుంది. రాత్రంతా అరుపులు, తలుపు దగ్గర గీకుడు. మగపిల్లి అయితే సోఫా మీద, కర్టెన్ల మీద మూత్రం చిమ్ముతుంది. పక్క ఫ్లాటువాళ్లు తలుపు తట్టే దాకా చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్లరు.

‘ఒక్క కాన్పయినా కానివ్వండి’

మన ఊళ్లలో ‘ఆపరేషన్ అయింది’ అంటే ఏ ఆపరేషనని ఎవరూ అడగరు. కుటుంబ నియంత్రణను అంత మామూలు మాటగా చేసుకున్నవాళ్లం, పిల్లి దగ్గరికి వచ్చేసరికి వెనకాడతాం. ఆ గుంటూరు ఇంట్లోనూ అంతే. మొదట్లోనే చేయిద్దామనుకుంటే అత్తగారు ఫోన్‌లో, “నోరులేని జీవం, పాపం తగులుతుందే అమ్మాయ్! ఒక్క కాన్పయినా కానివ్వండి” అన్నారు. ఆమె మాటలో ఉన్నది ప్రేమే. కానీ ఒకసారి పిల్లల్ని పెడితే ఆరోగ్యమన్న దానికి వైద్యపరంగా ఆధారం లేదు. ఆరు నెలల లోపే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. పిల్లుల్లో ఈ గడ్డలు ఎక్కువగా క్యాన్సర్‌వే. ఇక గర్భసంచి తీసేశాక దానిలో చీము పట్టే ప్రమాదం అసలు ఉండదు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. రెండు గదుల ఫ్లాట్‌లో ఆ ఏడిళ్లు ఎక్కడున్నాయి?

ఇది ఇక్కడి మతాచారానికి విరుద్ధమేమోనని సందేహించేవారూ ఉన్నారు. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన స్త్రీకి శిక్ష తప్పలేదని హదీసు చెబుతుంది. సౌదీలో ఎంతో గౌరవం పొందిన పండితుడు షేక్ ఇబ్న్ ఉసైమీన్ కూడా, పిల్లులు మరీ పెరిగి ఇబ్బంది అవుతున్నప్పుడు, వాటికి హాని కలగకపోతే ఈ ఆపరేషన్ తప్పు కాదనీ, పుట్టాక చంపడం కంటే ఇదే మేలనీ అభిప్రాయపడ్డారు.

కాలం కూడా మారింది. 2008లో రియాద్‌లో మత పోలీసులు కుక్కలు, పిల్లుల అమ్మకాన్ని, వాటిని వీధిలో తిప్పడాన్ని నిషేధించారు. 2020లో అల్ ఖోబర్‌లో కుక్కలను వెంటతెచ్చుకునే వారి కోసం ‘బార్కింగ్ లాట్’ అనే కేఫ్ తెరుచుకుంది. పెద్ద నగరాల్లో ‘ఇయాదా బైతరియా’ అనే పశువైద్య క్లినిక్ బోర్డులు కనిపిస్తున్నాయి. అక్కడ ‘తఅఖీమ్’ అని అడిగితే చాలు. కరోనా రోజుల్లో చేతులకు శానిటైజర్ రాసుకోమని షాపుల ముందు రాసిన మాటా అదే కాబట్టి పిల్లిని చూపిస్తూ అడగండి! మత్తు, మందులు, కుట్లు విప్పడం అన్నీ కలిపి ఎంతో ముందే తేల్చుకోవాలి.

ఫైనల్ ఎగ్జిట్ అయితే...

సెలవుల కంటే కష్టం శాశ్వతంగా వెళ్లిపోయేటప్పుడు. 2017 జూలైలో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్లుగా మొదలైన రుసుము ఏటా పెరిగి 2020లో 400కు చేరింది. ఆ మూడేళ్లలో ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకున్నాయి. అలాంటి వేళ వీధిపాలయ్యే పెంపుడు పిల్లికి వేటాడడం రాదు, కార్లంటే భయం తెలియదు.

నివాసం మార్చుకుని భారత్‌కు వచ్చేవారు పెంపుడు జంతువును వెంట తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లోనూ జంతు క్వారంటైన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ముందుగా ఎన్ఓసీ తీసుకోవాలి. రేబిస్ టీకా, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అయితే ఒక ప్రయాణికుడికి రెండు జంతువులకే అనుమతి. తల్లి, నాలుగు కూనలు అంటే లెక్క అక్కడే తప్పుతుంది. కూనలు టీకా వయసుకైనా రావు. మైక్రోచిప్ కూడా ఆపరేషన్ మత్తులో ఉండగానే వేయించుకుంటే ఒక బాధ తగ్గుతుంది.

కాబట్టి ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందే చేయించాలి. మగపిల్లి రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది కానీ, కొన్ని వారాల పాటు దాని వల్ల ఆడపిల్లికి కడుపు వచ్చే వీలుంది. వేరుగా ఉంచాలి. ఆడపిల్లికి పది, పద్నాలుగు రోజులు కుట్లు నాకకుండా మెడకు కోన్ ఉండాల్సిందే. విప్పమని అది ఎంత బతిమాలినా కరగకండి. ముఖ్యంగా ఒక మాట: మూలుగుతోంది కదా అని ఇంట్లో ఉన్న పనడాల్ ముక్క వేయొద్దు. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. నొప్పి మందు డాక్టరే ఇవ్వాలి. ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది, గెంతులు తగ్గుతాయి. మేత కొలిచి పెట్టకపోతే ఏసీ గదిలో పడుకుని బంతిలా తయారవుతుంది. ఇక కుక్క, అందులోనూ పెద్ద జాతిదైతే ఏ వయసులో చేయించాలో డాక్టరును అడిగి నిర్ణయించుకోవడమే మంచిది.

గుంటూరు కుటుంబం ఈసారి టికెట్లు కొనకముందే పిల్లిని క్లినిక్‌కు తీసుకెళ్లింది. బతికిన రెండు కూనల్లో ఒకటి కింది అంతస్తులోని కేరళ వాళ్ల ఇంట్లో ఉంది. దానికీ అదే రోజు చేయించారు. మర్నాడు ఉదయమే అత్తగారి ఫోన్. పాపం, పుణ్యం ఊసేమీ లేదు.

“కుట్లు బాగున్నాయా అమ్మాయ్? పథ్యం ఏం పెడుతున్నావ్?”