డాలస్‌ ఎంత దూరం? గడియారం చెప్పే లెక్క వేరు!
శంషాబాద్‌ నుంచి వెళ్లేందుకు సుమారు 24 గంటలు.. తిరిగొచ్చేందుకు 22

ఖమ్మం: ‘సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు విమానం ఎక్కుతున్నా’ అని అమెరికా నుంచి కొడుకు ఫోన్‌ చేస్తాడు. తండ్రి కడసారి చూపు కోసం ఇక్కడ బంధువులు మంగళవారం ఉదయం నుంచే వాకిట్లో ఎదురుచూస్తుంటారు. అతను శంషాబాద్‌లో దిగేసరికి మాత్రం ఆ రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. ఇక్కడ విమానం ఆలస్యమైందేమీ లేదు. తేడా అంతా వేళల లెక్కలోనే ఉంది. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలకు ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం.

దగ్గరి దారి ధ్రువం పక్కనుంచి..
శంషాబాద్‌, డాలస్‌ విమానాశ్రయాల మధ్య దూరం నేరుగా కొలిస్తే సుమారు 14,400 కి.మీ. గోడ మీది పటంలో చూస్తే అరేబియా, అట్లాంటిక్‌ మీదుగా పడమరకు వెళ్లాలనిపిస్తుంది. గ్లోబుపై దారం లాగి పట్టుకుంటే అది మధ్య ఆసియా, రష్యా మీదుగా సాగి, ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కి.మీ. చేరువగా వెళ్లి, కెనడా మీదుగా దిగుతుంది. భూమి గుండ్రంగా ఉండటమే ఇందుకు కారణం. అయితే మధ్యలో విమానం మారి వెళ్లేవారే ఎక్కువ. దుబాయ్‌ మీదుగా వెళితే మొత్తం దూరం 15,500 కి.మీ. వరకు ఉంటుంది. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ మరో నాలుగు గంటలు, ఆపై డాలస్‌కు 16 గంటలు కలిపి ఒక రోజు పడుతుంది.

రాకలో గాలి తోడు
తిరుగు ప్రయాణంలో డాలస్‌ నుంచి దుబాయ్‌కి సుమారు పద్నాలుగున్నర గంటలు చాలు. భూమికి పది కిలోమీటర్లకు పైగా ఎత్తున పడమర నుంచి తూర్పునకు వీచే బలమైన గాలులు విమానాన్ని ముందుకు నెట్టడమే దీనికి కారణం.

టికెట్‌ చూసి మోసపోవద్దు
టికెట్‌పై ముద్రించే వేళలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. చలికాలంలో డాలస్‌ మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరిపే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ఈ తేడా పదిన్నర గంటలు. చలికాలంలో ఇక్కడ సోమవారం ఉదయం 10 గంటలకు బయలుదేరితే అక్కడ అదే రోజు రాత్రి పదిన్నరకు చేరినట్లు టికెట్‌ చూపుతుంది. చూసేవారికి పన్నెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. రాకలో ఇదే లెక్క తిరగబడి, 22 గంటల ప్రయాణం ముప్పై మూడున్నర గంటలుగా కనిపిస్తుంది.

లెక్క ఇలా..
బయలుదేరే వేళను ముందుగా మన సమయంలోకి మార్చుకోవాలి. డాలస్‌లో సోమవారం మధ్యాహ్నం 12 అంటే మనకు రాత్రి పదకొండున్నర. దానికి 22 గంటలు కలిపితే మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర. విమానాశ్రయంలో తనిఖీలు, సామాను కోసం గంటన్నర, ఖమ్మం వరకు సుమారు 200 కి.మీ. రోడ్డు ప్రయాణానికి నాలుగు గంటలు వేసుకుంటే, ఇల్లు చేరేది బుధవారం తెల్లవారుజామున 3 గంటలకు. అంత్యక్రియల ముహూర్తమైనా, ఫ్రీజర్‌ బాక్సు ఏర్పాటైనా ఈ లెక్క ప్రకారం చేసుకోవాలి.

పిల్లల వద్దకు వెళ్లే వృద్ధులకూ ఇది వర్తిస్తుంది. మధుమేహం, రక్తపోటు మందులు వాడేవారు దారిలో ఏ మోతాదు ఎప్పుడు తీసుకోవాలో బయలుదేరే ముందే వైద్యుని అడిగి రాయించుకోవడం మేలు. చేతి గడియారాన్ని డాలస్‌ చేరే వరకు మన సమయంలోనే ఉంచుకుంటే తికమక ఉండదు.