బాగానే నడిచే బైకు పరీక్షలో ఎందుకు తప్పుతుంది?

బ్రిటన్‌లో కొత్త మోటార్‌సైకిల్‌కు 3 ఏళ్లు నిండగానే ‘ఎంఓటీ’ అనే పరీక్ష చేయించాలి. ఆ తర్వాత ఏటా తప్పదు. బండి ఎంత వేగంగా పోతుందన్నది అక్కడ ఎవరూ చూడరు. సరిగ్గా ఆగుతుందా, ఇతరులకు కనబడుతుందా, అదుపులో ఉంటుందా అనేదే చూస్తారు.

ఎక్కువగా దేనిలో తప్పుతాయి?

లైట్లలో. బండి అదురుకు బల్బులోని సన్నని తీగ తెగుతుంది. వానకు కనెక్షన్లు తుప్పు పడతాయి. వెనక బ్రేక్ లైటు వెలగకపోయినా నడిపేవారికి తెలియదు. ఆ తర్వాత బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, స్టీరింగ్.

టైరు అరిగితే ఏమవుతుంది?

టైరు మీది గాట్లు రోడ్డు మీది నీటిని పక్కలకు తోసేస్తాయి. అవి అరిగితే తడి రోడ్డుపై పట్టు తప్పుతుంది. అందుకే పెద్ద బైకులకు కనీసం 1 మిల్లీమీటరు లోతు ఉండాలి.

ఫలితం ఎలా ఇస్తారు?

2018 మే నుంచి లోపాలను మూడు రకాలుగా రాస్తున్నారు: ప్రమాదకరం, పెద్దది, చిన్నది. మొదటి రెండింటిలో ఏది ఉన్నా ఫెయిలే. చిన్నవే ఉంటే పాసే, కానీ త్వరగా బాగుచేయించాలి.

మన దగ్గరో?

సొంత బైకుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నాళ్లూ తనిఖీ బాధ్యత మనదే. ఈ రోజే ఇంట్లోవాళ్లను ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కమనండి. రెండుసార్లూ వెనక ఎర్ర లైటు వెలిగిందో లేదో మీరే చూసి చెప్పండి.